సివిల్ కోర్టు శిక్ష – నావికుడి ఉద్యోగం, పెన్షన్

సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్ పేరులోనే పటాలం ఉంది. కంటోన్మెంట్ అవసరాల చుట్టూ పెరిగిన పేట ఇది. అలాగని ఇక్కడ యూనిఫారం ఉద్యోగి నేరం చేస్తే విచారించేది కోర్టు మార్షలే కానక్కరలేదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. విశాఖపట్నంలో 16 ఏళ్లు పనిచేసిన నావికుడు సెలవుపై రెజిమెంటల్ బజార్‌లోని ఇంటికి వచ్చి, గొడవలో పొరుగింటాయన చేయి విరగ్గొట్టాడు. మేజిస్ట్రేటు కోర్టు ఆరు నెలల జైలుశిక్ష వేసింది. శిక్ష ముగిశాక అతడు మళ్లీ ఓడ ఎక్కవచ్చా?

అది నౌకాదళం నిర్ణయం. నేవీ చట్టం, 1957లోని 15వ సెక్షన్ కింద నావికుణ్ణి డిస్మిస్ లేదా డిశ్చార్జి చేసే అధికారం నౌకాదళాధిపతికి, నిర్దేశిత అధికారులకు ఉంది. ఒకే తప్పుకు ఇది రెండో శిక్ష కాదా అని మీకు సందేహం రావచ్చు. రాజ్యాంగం 20(2) అధికరణం అడ్డుకునేది అదే నేరానికి మళ్లీ విచారించి శిక్షించడాన్ని. ఉద్యోగం నుంచి తొలగింపు పాలనాపరమైన చర్య. సివిల్ ఉద్యోగులను కాపాడే 311వ అధికరణం సాయుధ దళాలకు వర్తించదు. ఆర్మీ రూల్స్, 1954లోని 17వ నియమం మరింత కఠినం: కోర్టులో శిక్షకు దారితీసిన ప్రవర్తనే కారణమైతే, డిస్మిస్ చేసేముందు సంజాయిషీ కూడా అడగనక్కరలేదు.

అయితే ప్రతి శిక్షకూ డిస్మిసలేనా? 1985లో శంకర్ దాస్ అనే సివిల్ ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి అధికారాన్ని న్యాయంగా వాడాలంటూ, నో పార్కింగ్ చోట స్కూటర్ నిలిపి శిక్షపడినవాణ్ణి ఉదాహరణగా చెప్పింది. అంతమాత్రానికి ఉద్యోగం తీసేయడం తగదు. బజారు సందుల్లో బండి నిలిపేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది! రెండో కొసన దేశభద్రత కేసులున్నాయి. 2019 డిసెంబరులో గూఢచర్య ఆరోపణపై ఏడుగురు నావికులను ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. ఆ కేసు విచారణకు వచ్చింది కోర్టు మార్షల్‌కు కాదు, విశాఖలోని ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టుకు.

మన నావికుడి ఇంటికి అసలు తేడా మాటలోనే ఉంది. సర్వీసు పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్లు అతడు దాటాడు. డిశ్చార్జి చేస్తే పెన్షన్ దక్కే అవకాశం ఉంది. డిస్మిస్ చేస్తే సాధారణంగా పెన్షన్, గ్రాట్యుటీ రెండూ పోతాయి. ఆరు నెలల జైలుకన్నా కుటుంబం మీద పడే బరువు ఇదే.

శిక్షపై అప్పీలు సెషన్స్ కోర్టుకు వెళుతుంది. డిస్మిసల్‌ను సవాలు చేయాలంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్‌ను ఆశ్రయించాలి. అప్పీలులో నిర్దోషిగా తేలితే, ఆ తీర్పు ప్రతితోనే అతడు ట్రిబ్యునల్ ముందు తన వాదన మొదలుపెట్టవచ్చు.