గ్నూ క్లాస్‌పాత్

గ్నూ క్లాస్‌పాత్ అనేది జావా ప్రోగ్రామింగు భాషకు అవసరమైన మూల లైబ్రరీలను స్వేచ్ఛా సాఫ్టువేరుగా అందించుటకు గ్నూ ప్రాజెక్టు చేపట్టిన కార్యక్రమం. ఇది 1998లో ప్రారంభమైంది. దీని చివరి కూర్పు 0.99, 2012 మార్చిలో విడుదలైంది. జావా సృష్టికర్త అయిన సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ తన లైబ్రరీలను స్వేచ్ఛా లైసెన్సు క్రింద విడుదల చేయక ముందు, జావా ప్రోగ్రాములను పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరు మీద నడుపుటకు ఈ లైబ్రరీయే ప్రధాన ఆధారం. ఇది ఎన్నడూ 1.0 అనే కూర్పు సంఖ్యకు చేరలేదు. అయినను నేడు వాడుకలో ఉన్న స్వేచ్ఛా జావాకు దారి చూపిన ప్రయత్నాలలో ఇది ముఖ్యమైనది. ఒక భాష మూల లైబ్రరీకి కొత్త కూర్పు ఎలా వెలువడుతుంది, దాని వలన తెలుగు వంటి భాషలకు కలిగే ప్రయోజనం ఏమిటి అనే విషయాలను అర్థం చేసుకొనుటకు కూడా ఇది మంచి ఉదాహరణ.

మూల లైబ్రరీ అనగానేమి

ప్రోగ్రామింగు భాష అంటే వ్యాకరణ నియమాలు, కంపైలరు మాత్రమే కాదు. ఆ భాషలో వ్రాసే ప్రతి ప్రోగ్రాముకూ అవసరమయ్యే పనులను ముందుగానే వ్రాసి ఉంచిన క్లాసుల సముదాయం కూడా దానిలో భాగమే. దీనినే మూల లైబ్రరీ అంటారు. ఒక విద్యార్థి "నమస్కారం" అనే మాటను తెరపై ముద్రించే అతి చిన్న జావా ప్రోగ్రాము వ్రాసినా, అందులో స్ట్రింగ్, సిస్టమ్, ప్రింట్‌స్ట్రీమ్ అనే మూడు క్లాసులు పని చేస్తాయి. ఈ మూడింటినీ విద్యార్థి వ్రాయలేదు. అవి లైబ్రరీ నుండి వచ్చాయి. ఫైళ్ళను చదవడం, నెట్‌వర్కు ద్వారా సమాచారం పంపడం, తేదీలను లెక్కించడం, తెరపై కిటికీలను, మీటలను గీయడం వంటి పనులు కూడా ఇటువంటివే.

జావా ప్రోగ్రాము నడవడానికి మూడు భాగాలు కావాలి. మొదటిది సోర్సు కోడును బైట్‌కోడుగా మార్చే కంపైలరు. రెండవది ఆ బైట్‌కోడును నడిపే వర్చువల్ మెషీను. మూడవది మూల లైబ్రరీ. మొదటి రెండింటినీ చిన్న బృందాలు కూడా తయారు చేయగలవు. లైబ్రరీలో మాత్రం వేల సంఖ్యలో క్లాసులు ఉంటాయి. జావా కొత్త కూర్పు వచ్చినప్పుడల్లా ఆ సంఖ్య పెరుగుతుంది. అందువలన స్వేచ్ఛా జావా నిర్మాణంలో అత్యధిక శ్రమ లైబ్రరీకే అవసరమైంది.

క్లాస్‌పాత్ అనే పేరు జావాలోని ఒక సాంకేతిక పదం. ప్రోగ్రాముకు కావలసిన క్లాసులను ఏయే చోట్ల వెదకాలో తెలిపే జాబితాను జావాలో క్లాస్‌పాత్ అంటారు.

నేపథ్యం

సన్ మైక్రోసిస్టమ్స్ 1995లో జావాను ప్రకటించింది. దాని అభివృద్ధి సాధనాలను రుసుము లేకుండా పొందే వీలున్నప్పటికీ, వాటిని మార్చి పంచుకొనే హక్కు వాడుకరులకు ఉండేది కాదు. ధర లేకపోవడం వేరు, స్వేచ్ఛ ఉండడం వేరు. గ్నూ/లినక్సు పంపిణీలలో డెబియన్, ఫెడోరా వంటివి స్వేచ్ఛా సాఫ్టువేరును మాత్రమే తమ ప్రధాన భాగంలో చేర్చుకొనేవి. కావున సన్ వారి జావాకు అక్కడ చోటు దొరకలేదు.

దీనివల్ల ఏర్పడిన ఇబ్బందిని స్వేచ్ఛా సాఫ్టువేరు ఉద్యమ స్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్ 2004 ఏప్రిల్‌లో ప్రచురించిన వ్యాసంలో "జావా ఉచ్చు"గా వర్ణించాడు. ఒక ప్రోగ్రాముకు స్వేచ్ఛా లైసెన్సు ఉన్నప్పటికీ, అది స్వేచ్ఛ లేని లైబ్రరీ మీద ఆధారపడితే పూర్తిగా స్వేచ్ఛా వాతావరణంలో దానిని నడపడానికి వీలుండదన్నది ఆయన వాదన. ఓపెన్ఆఫీస్ వంటి స్వేచ్ఛా ప్రోగ్రాములలో కూడా కొన్ని సదుపాయాలు జావా మీద ఆధారపడి ఉండేవి.

చరిత్ర

గ్నూ క్లాస్‌పాత్ 1998లో ఐదుగురు ప్రోగ్రామర్లతో మొదలైంది. తొలినాళ్ళలో జాఫర్ అనే వర్చువల్ మెషీను దీనితో జతగా ఉండేది. తరువాత దానిని వదలివేసి లైబ్రరీ మీదనే దృష్టి నిలిపారు. అదే కాలంలో సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థ గ్నూ కంపైలరు సముదాయం కొరకు జీసీజే అనే జావా కంపైలరును, దానికి లిబ్‌జీసీజే అనే లైబ్రరీని తయారు చేసింది. ఒకే పనిని రెండు బృందాలు విడివిడిగా చేయడం వృథా అని గుర్తించి, 2000లో ఈ రెండు లైబ్రరీలను క్రమంగా కలిపివేయాలని నిర్ణయించారు. కాఫే అనే మరొక స్వేచ్ఛా వర్చువల్ మెషీను కూడా తరువాత క్లాస్‌పాత్ లైబ్రరీని స్వీకరించింది. ప్రాజెక్టు ముమ్మరంగా సాగిన కాలంలో మార్క్ వీలార్డ్, చివరి దశలో ఆండ్రూ జాన్ హ్యూస్ దీనికి నిర్వాహకులుగా వ్యవహరించారు.

ఈ ప్రాజెక్టులో పాల్గొనేవారికి ఒక కఠినమైన నియమం ఉండేది. సన్ వారి లైబ్రరీ సోర్సు కోడును చూసినవారు అదే భాగాన్ని ఇక్కడ వ్రాయరాదు. ప్రచురితమైన వివరణ పత్రాల ఆధారంగా మాత్రమే ప్రతి క్లాసునూ కొత్తగా వ్రాయాలి. అంతేగాక తమ రచనపై కాపీహక్కులను ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషనుకు వ్రాతపూర్వకంగా బదలాయించాలి. ఎవరైనా న్యాయస్థానంలో అభ్యంతరం లేవనెత్తితే ఎదుర్కొనుటకు ఈ జాగ్రత్తలు తీసుకొన్నారు.

కొత్త కూర్పు విడుదల విధానం

మూల లైబ్రరీ మీద ఇతర ప్రోగ్రాములన్నీ ఆధారపడి ఉంటాయి కనుక, దాని కొత్త కూర్పును విడుదల చేయడం సాధారణ ప్రోగ్రామును విడుదల చేయడం కంటే క్లిష్టమైన పని. స్ట్రింగ్ క్లాసులో ఒక చిన్న తప్పు దొర్లినా ప్రోగ్రాములన్నిటిలోనూ దాని ప్రభావం కనిపిస్తుంది. క్లాస్‌పాత్ విడుదలలో ప్రధానంగా మూడు అంశాలను గమనించవలసి ఉండేది.

పరిపూర్ణత: సన్ వారి లైబ్రరీలో ఉన్న క్లాసులలో, పద్ధతులలో ఎన్ని తయారయ్యాయి, ఎన్ని మిగిలాయి అనేది పోల్చి చూసేవారు. ఈ పోలికకు ప్రత్యేక సాధనాలు ఉండేవి. అవి పైకి కనిపించే పేర్లను, వాటి రూపాలను మాత్రమే పోల్చుతాయి. లోపలి కోడుతో వాటికి పని లేదు.

నడవడిక: ఒక పద్ధతి ఉన్నంత మాత్రాన చాలదు, అది సరియైన ఫలితం ఇవ్వాలి. దీనిని పరీక్షించుటకు మావ్ అనే స్వేచ్ఛా పరీక్షల సముదాయం ఉండేది. పలు స్వేచ్ఛా జావా బృందాలు దీనిని ఉమ్మడిగా పెంచి పోషించాయి. సన్ వారి అధికారిక పరీక్షల సముదాయం అప్పట్లో వీరికి అందుబాటులో లేదు.

వర్చువల్ మెషీన్లతో పొందిక: క్లాస్‌పాత్‌ను జామ్‌వీఎం, కాఫే, సేబుల్‌వీఎం, కకావో, జైక్స్ ఆర్‌వీఎం, ఐకేవీఎం వంటి అనేక మెషీన్లు వాడుకొనేవి. లైబ్రరీలో అత్యధిక భాగం ఏ మెషీనుకైనా ఒకటే. థ్రెడ్లను ప్రారంభించడం, క్లాసులను లోనికి తేవడం వంటి కొద్ది పనులు మాత్రం మెషీనును బట్టి మారతాయి. వీటిని "వీఎం" అనే అక్షరాలతో మొదలయ్యే పేర్లు గల చిన్న క్లాసులలోకి విడదీశారు. ప్రతి మెషీను బృందం ఈ చిన్న క్లాసులను తనకు తగినట్లు వ్రాసుకొంటే చాలు. కొత్త కూర్పులో ఈ సరిహద్దు క్లాసులు మారితే మెషీను బృందాలన్నీ తమ కోడును సవరించుకోవాలి. అందుచేత విడుదలతో పాటు ఇచ్చే మార్పుల పత్రంలో ఈ అంశానికి ప్రత్యేక విభాగం ఉండేది.

పరీక్షలు ముగిసిన తరువాత సోర్సు కోడును ఒక కట్టగా చేసి, నిర్వాహకుని డిజిటల్ సంతకంతో గ్నూ సర్వర్లలో ఉంచేవారు.

ముఖ్యమైన కూర్పులు

* 0.90 (2006 మార్చి): తొలి కూర్పుల కంటే ఎంతో విస్తృతమై, 1.0కు సమీపిస్తున్నట్లు సంఖ్యలోనే సూచించిన కూర్పు.
* 0.93 (2006 డిసెంబరు): జావా 1.4 స్థాయి కంపైలరుతో నిర్మించగల కూర్పు. దీనికి తరువాతి కాలంలో అనుకోని ప్రాముఖ్యత లభించింది.
* 0.95 (2007 ఏప్రిల్): జావా 5తో వచ్చిన జెనరిక్స్ వంటి సదుపాయాల కొరకు అంతవరకు వేరుగా సాగిన శాఖను ప్రధాన శాఖలో కలిపిన కూర్పు.
* 0.98 (2009 ఫిబ్రవరి), 0.99 (2012 మార్చి): చివరి రెండు ప్రధాన కూర్పులు.

స్వేచ్ఛా జావా ఆవిర్భావం

జావా 1.4లోని క్లాసులలో చివరగా మిగిలిన హెచ్‌టీఎంఎల్‌రైటర్ అనే క్లాసు 2006 అక్టోబరు 24న క్లాస్‌పాత్‌లో చేరింది. సరిగా 20 రోజులకు, 2006 నవంబరు 13న, సన్ మైక్రోసిస్టమ్స్ తన జావాను గ్నూ జీపీఎల్ లైసెన్సు క్రింద విడుదల చేయనున్నట్లు ప్రకటించింది. కంపైలరు, వర్చువల్ మెషీను అప్పుడే వెలువడగా, మూల లైబ్రరీ 2007 మేలో విడుదలైంది. దీనికే ఓపెన్‌జేడీకే అని పేరు.

ఓపెన్‌జేడీకే లైబ్రరీ మొదట సంపూర్ణంగా లేదు. అక్షరాలను తెరపై గీయడం, రంగుల సర్దుబాటు, ధ్వని వంటి కొన్ని భాగాలపై హక్కులు ఇతర సంస్థలవి కావడంతో సన్ వాటి సోర్సు కోడును ఇవ్వలేకపోయింది. రెడ్ హ్యాట్ సంస్థ 2007 జూన్‌లో ప్రారంభించిన ఐస్‌డ్‌టీ అనే ప్రాజెక్టు, ఇటువంటి ఖాళీలను పూరించుటకు క్లాస్‌పాత్ కోడును కూడా ఉపయోగించింది. 2008 జూన్ నాటికి ఫెడోరా 9లోని ఐస్‌డ్‌టీ, జావా అధికారిక పరీక్షలన్నిటిలో ఉత్తీర్ణమైంది. పూర్తిగా స్వేచ్ఛా సాఫ్టువేరుగా ఉన్న జావా అలా అధికారిక ప్రమాణాన్ని అందుకొన్నది.

లైసెన్సు

గ్నూ క్లాస్‌పాత్ జీపీఎల్ లైసెన్సుతో పాటు ఒక మినహాయింపును కలిగి ఉన్నది. ఈ లైబ్రరీని మార్చి పంచేవారు ఆ మార్పులను కూడా స్వేచ్ఛగా అందించాలి. అయితే లైబ్రరీని కేవలం వాడుకొనే ప్రోగ్రామును దాని రచయిత తనకు నచ్చిన లైసెన్సు క్రింద ఉంచుకొనవచ్చును. సన్ తన లైబ్రరీని విడుదల చేసినప్పుడు ఇదే పద్ధతిని అనుసరించింది. ఓపెన్‌జేడీకే లైసెన్సును నేటికీ "క్లాస్‌పాత్ మినహాయింపు గల జీపీఎల్ రెండవ కూర్పు" అనే పిలుస్తారు. ప్రాజెక్టు పేరు ఈ విధంగా జావా లైసెన్సులో నిలిచిపోయింది.

తెలుగు భాషకు సంబంధం

విశాఖపట్నం శివార్లలోని దువ్వాడ మొదలుకొని ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో అనేక చోట్ల ఉన్న ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు జావా పాఠ్యాంశంగా సుపరిచితం. అయితే జావా లైబ్రరీలో తెలుగుకు చోటు ఆలస్యంగా లభించింది.

తేదీలను, వారాలను, నెలలను స్థానిక భాషలో చూపుటకు మూల లైబ్రరీలో ప్రతి భాషకూ ఒక సమాచార పట్టిక ఉండాలి. సన్ వారి లైబ్రరీలో భారతీయ భాషలలో హిందీకి మాత్రమే ఇటువంటి పట్టిక ఉండేది. గ్నూ క్లాస్‌పాత్ మాత్రం ఈ సమాచారాన్ని యూనికోడ్ సంస్థ నిర్వహించే సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి భాండాగారం నుండి గ్రహించింది. అందువలన దానిలో తెలుగుకు, తమిళానికి, మరికొన్ని భారతీయ భాషలకు కూడా పట్టికలు చేరాయి. అధికారిక జావాలో సీఎల్‌డీఆర్ సమాచారం 2014 నాటి జావా 8లో ఐచ్ఛికంగా చేరి, 2017 నాటి జావా 9 నుండి సహజ సదుపాయంగా మారింది.

అక్షరాల విషయంలోనూ లైబ్రరీ కూర్పుకు ప్రాధాన్యం ఉన్నది. ఒక గుర్తు అక్షరమా, అంకెయా, విరామ చిహ్నమా అని జావా ప్రోగ్రాము తెలుసుకొనేది లైబ్రరీలోని యూనికోడ్ పట్టికల ద్వారానే. చలి, చాప వంటి మాటలలోని దంత్య చకారానికి "ౘ", జడ వంటి మాటలలోని దంత్య జకారానికి "ౙ" అనే లిపి సంకేతాలు 2008 ఏప్రిల్‌లో వెలువడిన యూనికోడ్ 5.1లో చేరాయి. జావా 6 యూనికోడ్ 4.0 పట్టికలను అనుసరించేది కనుక, దానికి ఈ రెండూ అక్షరాలుగా తెలియవు. పాత పుస్తకాలను, నిఘంటువులను కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు ఈ లోపం పదాలను వేరు చేయడంలోను, వెదకడంలోను చిక్కు కలిగిస్తుంది. యూనికోడ్ 6.0ను అనుసరించే జావా 7, 2011లో విడుదలైన తరువాతనే ఇవి అధికారిక జావాలో అక్షరాలుగా గుర్తింపు పొందాయి. లైబ్రరీ సోర్సు కోడు స్వేచ్ఛగా లభించినప్పుడు, ఇటువంటి లోపాన్ని ఆ భాష తెలిసినవారు తామే సరిదిద్దుకొనే అవకాశం ఉంటుంది.

తరువాతి పరిణామాలు

ఓపెన్‌జేడీకే స్థిరపడిన తరువాత క్లాస్‌పాత్ అవసరం క్రమంగా తగ్గింది. దీని మీద ఆధారపడిన జీసీజే కంపైలరును 2017లో విడుదలైన జీసీసీ 7వ కూర్పు నుండి తొలగించారు. ఇదే లక్ష్యంతో 2005లో మొదలైన అపాచీ హార్మొనీ ప్రాజెక్టు 2011లో ముగిసింది. 0.99 తరువాత గ్నూ క్లాస్‌పాత్ కొత్త కూర్పు ఏదీ వెలువడలేదు.

అయితే దీని పాత కూర్పులకు నేటికీ ఒక ప్రత్యేక ఉపయోగం ఉన్నది. ఓపెన్‌జేడీకేను సోర్సు కోడు నుండి నిర్మించాలంటే అంతకు ముందే పని చేసే జావా ఒకటి కావాలి. ఆ జావాను ఎవరో నిర్మించి ఇచ్చిన రూపంలో తెచ్చుకొంటే, దానిలో ఏమున్నదో సరిచూసుకొనే వీలుండదు. ఈ చిక్కును పరిష్కరించుటకు గ్నూ గీక్స్ అనే పంపిణీ, జావా అవసరం లేకుండానే నిర్మించగల జైక్స్ కంపైలరు, జామ్‌వీఎం, క్లాస్‌పాత్ 0.93 కూర్పులతో మొదలుపెడుతుంది. వాటి సహాయంతో క్లాస్‌పాత్ 0.99ను, దాని మీద ఓపెన్‌జేడీకే పాత కూర్పును, ఆపై ఒకదాని ఆధారంగా మరొకటిగా కొత్త కూర్పులను నిర్మిస్తుంది.