నున్నటి గడ్డం – లోపలి ముల్లు

పెళ్ళి ఇక నాలుగు రోజులున్నదనగా, విజయనగరంలో ఒక పెళ్ళివారింటిని ఊహించుకోండి. పందిరి రాటలు పాతారు. పెళ్ళికొడుకు హైదరాబాదు నుంచి రైలు దిగి అప్పుడే వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే మేనత్త అతని గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పి, "ఏట్రా నాయనా ఇది! మెడంతా ఈ పొక్కులేటి? ఆ ఊరి నీళ్ళు పడలేదేటి నీకు?" అన్నది. ఇక చూసుకోండి, ఇంటిల్లిపాదీ వైద్యులైపోయారు. వేడి చేసిందని ఒకరు, అమ్మవారేమోనని ఒకరు, రక్తం చెడిందని మరొకరు. వేపాకు నూరమన్నది మామ్మ. మందుల షాపులో అడిగి మంచి ఆయింటుమెంటు తెస్తానని తమ్ముడు చెప్పులేసుకున్నాడు. పిన్ని మాత్రం మెడగొలుసుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, "ఇలా రా బాబూ, చిదిమేస్తే పోతుంది" అన్నది.

ఇంతమందిలోకీ ప్రమాదకరమైన వైద్యం ఆ పిన్నీసుదే. తరువాతి స్థానం తమ్ముడి ఆయింటుమెంటుది.

అబ్బాయికి వేడీ చెయ్యలేదు, రక్తమూ చెడలేదు. పెళ్ళి దగ్గరపడుతున్నదని పది రోజులుగా రెండు పూటలా గడ్డం గీసుకుంటున్నాడు. అదీ ఎలాగ? కింది నుంచి పైకి, ఎదురు గీతతో, చర్మం లాగి పట్టి, వేలు పెడితే జారిపోయేటంత నున్నగా! ఆ నున్నదనమే పొక్కులు తెచ్చిపెట్టింది.

వెంట్రుక చర్మం లోపల ఒక సన్నని గొట్టంలో పుట్టి పైకి వస్తుంది. తిన్నని జుట్టు గలవారికి ఆ గొట్టం కూడా తిన్నగా ఉంటుంది. ఉంగరాల జుట్టువారికి అది కొడవలిలాగ వంగి ఉంటుంది. అటువంటి వెంట్రుకను చర్మానికి సమంగా కోసినప్పుడు దాని మొన ఏటవాలుగా తెగి, ఈతముల్లులాగ వాడిగా తయారవుతుంది. రెండు రోజులకు అది పెరుగుతుంది. పెరిగి, అలవాటు చొప్పున వంగుతుంది. వంగి, పక్కనున్న చర్మంలోకే తిరిగి దిగబడుతుంది. మరీ నున్నగా గీస్తే ఇంకొక విడ్డూరం జరుగుతుంది. లాగి పట్టిన చర్మాన్ని వదలగానే తెగిన మొన లోపలికి జారిపోయి, బయటికి రాకుండానే గొట్టం గోడను పొడుచుకుని పక్కకు పోతుంది.

తన వెంట్రుకే గదా అని మన శరీరం జాలిపడదు. కాలిలో దిగిన తుమ్మముల్లు ఎంతో, చర్మంలో దిగిన వెంట్రుకా అంతే. చుట్టూ ఎర్రగా పొంగుతుంది, దురద పెడుతుంది, ఒక్కొక్కప్పుడు చీము కూడా పడుతుంది. దీనికి వైద్యులు పెట్టిన పేరు సూడోఫాలిక్యులైటిస్ బార్బే. నోరు తిరగని ఆ పేరులో మనం గమనించవలసిన ముక్క 'సూడో' – అంటే దొంగది. చూడడానికి సూక్ష్మక్రిములు పట్టిన కురుపులాగ ఉంటుంది గాని, మొదట్లో క్రిములేమీ ఉండవు. మనం గోటితో గిల్లి, పిన్నీసుతో పొడిచిన తరువాత అవి వచ్చి చేరతాయి. అప్పుడిక దొంగ కురుపు నిజం కురుపు అవుతుంది.

ఈ పొక్కులు చెంపల మీద కంటె దవడ కింద, మెడ మీద ఎక్కువ. అక్కడ వెంట్రుకలు ఒక వరసలో ఉండవు. కొన్ని కిందికి, కొన్ని పక్కకు, కొన్ని సుడి తిరిగి మొలుస్తాయి. ఎటు గీసినా కొన్నింటికి ఎదురే! పైగా మన కోస్తా ఉక్కపోత, చెమట, చొక్కా కాలరు రాపిడి.

ప్రపంచంలో దీనితో ఎక్కువ బాధపడేవారు ఆఫ్రికా సంతతివారు. వారి జుట్టు మెలికలు అటువంటివి. అమెరికాలో పిజ్జాలు ఇంటింటికీ అందించే కొలువులో ఉన్న ఒకతను ఈ పొక్కులకు భయపడి గడ్డం తీయలేక ఉద్యోగం పోగొట్టుకున్నాడు. వ్యాజ్యం నడిచి నడిచి, గడ్డం కూడదనే నియమం ఇటువంటివారికి సడలించవలసిందేనని 1993లో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది. ఆ దేశపు సైన్యంలోనూ ఇది పాత తగాదాయే. మనవారిలో బాధితులు అంతమంది ఉండరు గాని, గరుకైన ఉంగరాల గడ్డం ఉన్నవాడికి బాధ ఒకటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల నుంచి సైన్యంలోకీ పోలీసులోకీ వెళ్ళే కుర్రవాళ్ళు ఎందరో. విజయనగరం పక్కన కోరుకొండలో 1962 నుంచీ సైనిక పాఠశాలే ఉన్నదాయె. యూనిఫారం వేసుకున్నాక గడ్డం రోజూ తీయక తప్పదు. అందుచేత ఈ సంగతి పెళ్ళికొడుకులతో పోయేది కాదు.

మన తాతలకు ఈ బెడద అంతగా ఎందుకు ఉండేది కాదు? ఆలోచిస్తే నవ్వు వస్తుంది. వారికి రోజూ క్షవరమనే మాటే లేదు. మంగళవారం పనికిరాదు, శుక్రవారం అసలే పనికిరాదు, అమావాస్య కూడదు, ఏకాదశి కూడదు – పంచాంగం అడ్డాలన్నీ తప్పించుకుని వారానికో పది రోజులకో ఒకసారి వీధి అరుగు మీద పీట పడేది. అప్పటికి వెంట్రుక ఏపుగా పెరిగి, తిరిగి లోపలికి పోయే అవకాశం దాటిపోయి ఉండేది. పైగా అప్పుడు గీసేది ఒంటి అంచు కత్తి. నాయీబ్రాహ్మణుల అడపంలో ఆ కత్తితోపాటు కత్తెర, గోళ్ళు తీసే నహరణి, ముళ్ళు తీసే శ్రావణం, పటిక ముక్క ఉండేవి. కురుపుకు కత్తి పెట్టేదీ ఆయనే, పెళ్ళిలో సన్నాయి ఊదేదీ ఆయనే. ఆయన ఇల్లాలు ఊరికి మంత్రసాని. ఏ గడ్డంలో సుడి ఎక్కడ ఉన్నదో, కత్తి ఏ వాటాన పోవాలో ఆ చేతికి తెలుసును. మంగలి పాత, చాకలి కొత్త అని ఊరికే అన్నారా?

తరువాత కత్తి మన చేతికే వచ్చింది. అమెరికాలో జిల్లెట్ అనే ఆయన సేఫ్టీ రేజరు అమ్మకం మొదలుపెట్టిన 1903లో పట్టుమని 51 మాత్రమే అమ్ముడుపోయాయట! ఆ తరువాత అది ప్రపంచాన్నే గీసింది. 1971లో రెండు బ్లేడ్ల రేజరు వచ్చింది. మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కాస్త పైకి లాగుతుంది. అది వెనక్కు జారేలోగా రెండోది మరికొంచెం లోపలికి కోస్తుంది. ప్రకటనల్లో ఇదే గొప్ప! ఉంగరాల గడ్డంవాడికి ఇదే ముప్పు. ఇప్పుడు మూడు, నాలుగు, అయిదు బ్లేడ్లవి కూడా వచ్చాయి. పొక్కులు వచ్చే తత్వం ఉన్నవారు ఆ వైభోగానికి పోకుండా ఒంటి బ్లేడు రేజరుకే కట్టుబడడం మంచిది. అవి షాపులో చవకగానే దొరుకుతాయి.

గీసే పద్ధతికి వస్తే, ముందు గోరువెచ్చని నీళ్ళతో గడ్డం బాగా నాననివ్వాలి; స్నానం చేసిన వెంటనే అయితే మరీ మంచిది. తడిసిన వెంట్రుక మెత్తబడి, మొన వాడిగా కాక మొద్దుగా తెగుతుంది. సబ్బు నురగ పట్టించి రెండు మూడు నిముషాలు ఆగాలి. మెడ మీద వేలితో తడిమి, వెంట్రుక ఎటు వాలి ఉన్నదో చూసుకుని అటే గీయాలి. చర్మం లాగి పట్టకూడదు, అదిమి గీయకూడదు, ఒకసారి గీసినచోట మళ్ళీ గీయకూడదు. బ్లేడు మొండిబారేదాకా వాడడం పొదుపు కాదు. అన్నింటికంటె మేలైనది ట్రిమ్మరు. దానితో ఒక మిల్లీమీటరు గరుకు మిగిల్చితే లోపలికి తిరగడానికి వెంట్రుకకు వీలుండదు. సెలూనుకు వెళితే కొత్త బ్లేడు మన ఎదుటనే విప్పమని అడగడానికి మొహమాటపడకండి. హెచ్.ఐ.వి., కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, రెండూ రక్తం అంటిన బ్లేడు మీద ప్రయాణం చేయగలవు. అందరి గాట్ల మీదా రాసే ఒకే పటికబిళ్ళ సంగతి కూడా కాస్త ఆలోచించండి.

పొక్కులు వచ్చేశాక? మొదటి మందు ఏమీ చేయకపోవడమే. మూడు నాలుగు వారాలు కత్తి ముట్టకూడదు. మొదటి వారం దురద ఎక్కువే అవుతుంది, ఓర్చుకోవాలి. వెంట్రుక పొడవు పెరిగేకొద్దీ విల్లులాగ సాగి, ఆ బిగువుకు దాని మొన తనంతట తానే బయటికి వచ్చేస్తుంది. ఈ వైద్యం మన ఊళ్ళలో ఏటా కార్తీకమాసం నుంచి జరుగుతూనే ఉన్నది, ఎవరూ వైద్యమనుకోరు గాని. అయ్యప్ప మాల వేసుకున్నవారు మండలం, అంటే 41 రోజులు, గడ్డం తీయరు గదా! మాలకు ముందు మెడంతా పొక్కులున్నవారి మెడను మాల తీసేనాటికి చూడండి, తేరుకుని ఉంటుంది. చిక్కేమిటంటే, దీక్ష విరమించగానే నాలుగు బ్లేడ్ల రేజరుతో ఎదురు గీస్తారు. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తుంది. చర్మవ్యాధులకు అరసవిల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకునేవారు మన జిల్లాల్లో ఎందరో. మొక్కు తీర్చుకుని వచ్చిన మర్నాడు గీసే పద్ధతి మార్చుకోవడం మాత్రం మన పని.

ఈలోగా వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ పది పదిహేను నిముషాలు వేయడం ఉపశమనమిస్తుంది. చర్మం పైన వెంట్రుక ఉచ్చులాగ స్పష్టంగా కనబడుతుంటే, స్పిరిటుతో తుడిచిన సూదితో ఆ ఉచ్చును మెల్లగా పైకెత్తి విడిచిపెట్టవచ్చు. కనబడనిదాని కోసం తవ్వకూడదు. శ్రావణంతో పెరికివేయనూ కూడదు. పెరికినచోట మళ్ళీ మొలిచేది లోపలే దారి తప్పుతుంది. పై పెదవి, ముక్కు దగ్గర అసలు చిదమకూడదు. ఆ చోటి రక్తనాళాలకు మెదడు వైపు దారి ఉన్నది.

తమ్ముడు తేబోయే ఆయింటుమెంటు సంగతి చెప్పాలి. దురదకూ, తామరకూ, కురుపుకూ అన్నింటికీ ఒకటే అని ఇచ్చే గొట్టాలలో చాలావాటిలో బలమైన స్టెరాయిడు ఉంటుంది. రెండు రోజుల్లో ఎరుపు తగ్గినట్టే ఉంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ముఖం మీద కొత్త మొటిమలు లేస్తాయి, తామర అయితే లోలోపల పాకుతుంది. అందుకే 2018లో కేంద్రప్రభుత్వం ఇటువంటివి చాలా డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్నది. డాక్టరు చూసి, అవసరాన్నిబట్టి బెంజాయిల్ పెరాక్సైడో, అడాపలీనో, తక్కువ మోతాదు స్టెరాయిడు కొద్ది రోజులకో రాస్తారు. ఎంత చేసినా తిరగబెట్టేవారికి లేజరు ఉన్నది. మన రంగు చర్మానికి ఎన్.డి.యాగ్ అనే రకం క్షేమం. ఖర్చుతో కూడినది, నాలుగైదు విడతలు పడుతుంది.

ఆడవారికి లేదా ఈ బాధ? వాక్సింగు చేయించుకున్న కాళ్ళ మీద, బాహుమూలాల్లో ఇవే పొక్కులు. అక్కడా సూత్రమొకటే. బిగుతు బట్టలు మానడం, వారం పది రోజులు కత్తీ వాక్సూ ముట్టకపోవడం. మామ్మలనాటి సున్నిపిండి, బీరపీచు ఇక్కడ నిజంగా పనికివస్తాయి. వెంట్రుక దారికి అడ్డుగా ఉన్న మృతచర్మాన్ని అవి తీసివేస్తాయి. కాని పొక్కులు లేనప్పుడు, మెత్తగా మాత్రమే సుమండీ! ఎర్రగా లేచినచోట బీరపీచు పెడితే మిగిలేది నల్లమచ్చ. మన చర్మం మీద ఆ మచ్చ పోవడానికి నెలలు పడుతుంది.

మధుమేహం ఉన్నవారు దీన్ని చిన్న పొక్కుగా తీసిపారేయకూడదు. మెడ వెనుక గడ్డ పెద్దదై, ఒకటికి నాలుగు నోళ్ళు పడి, జ్వరం వస్తే అది రాచకురుపు కావచ్చును. చక్రంలాగ గుండ్రంగా పాకుతూ పొట్టు రేగితే తామర; పశువుల దగ్గర మెలిగేవారికి గడ్డంలోనూ వస్తుంది. ఏది ఏదో తేల్చడానికి శ్రీకాకుళం ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి, 2023లో మొదలైన విజయనగరం కళాశాల ఆసుపత్రి, విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రి ఉన్నాయి.

ఇంతకీ మన పెళ్ళికొడుకు మాటేమిటి? మూడు వారాలు ఆగమనడానికి ముహూర్తం ఆగదు. పిన్ని పిన్నీసు మళ్ళీ గొలుసుకు చేరాలి. ఈ నాలుగు రోజులూ బ్లేడు పెట్టెలోనే ఉండాలి; పూటకొకసారి వేడి గుడ్డ. నలుగు పెట్టేటప్పుడు మెడ వదిలేయమని ముత్తైదువులకు ముందే చెప్పాలి. ముహూర్తంనాటి పొద్దున్న, మంగళస్నానమయ్యాక, పాతకాపు చేత ట్రిమ్మరుతో ఒక మిల్లీమీటరు ఉంచి తీయించుకోవాలి. ఆ మాత్రం గరుకు ఫోటోలో కనబడదు. బుగ్గ గిల్లే మేనత్త చేతికి తెలిస్తే తెలుస్తుందేమో!