‘ఇది ఎక్కడిది?’ అని బడిలోనే అడుగుదాం

మొన్న తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పుస్తకాలు దిద్దుతుంటే మాకు నవ్వూ దిగులూ రెండూ కలిగాయి. నీటి కాలుష్యం మీద రాసిన అయిదు పుస్తకాల్లో ఒకే వాక్యం, అందులో ఒకే అచ్చుతప్పు. పిలిచి అడిగితే పిల్లలు ఏమీ దాచలేదు. ‘గైడులో ఉంది టీచర్, చూసి రాశాం’ అన్నారు. తప్పు చేశామన్న బెరుకు వాళ్ల ముఖాల్లో లేదు. ఎందుకుంటుంది? గైడులో ఉన్నది ఉన్నట్టు రాస్తే ఇన్నేళ్లూ మార్కులు వేసింది మేమే కదా!

ఇదే పిల్లలు ఏడెనిమిదేళ్ల తర్వాత పీజీలో పరిశోధన వ్యాసం రాస్తారు. అక్కడ ఇదే పని చేస్తే దాని పేరు గ్రంథచౌర్యం. దీనిపై విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు వాటిని ముందే తెలుసుకోవడం మంచిది.

విద్యార్థి సమర్పించిన పరిశోధన వ్యాసాన్ని, సిద్ధాంత గ్రంథాన్ని సాఫ్ట్‌వేర్‌తో ఇతర రచనలతో పోల్చి చూస్తారు. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం వరకు ఉంటే, 6 నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 వరకైతే, సరిదిద్దిన ప్రతిని ఏడాదిపాటు ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే ఆ కోర్సులో రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మళ్లీ అదే తప్పు చేస్తే శిక్ష ఒక మెట్టు పెరుగుతుంది. పట్టా అందుకున్నాక బయటపడినా, ఆ పట్టాను కొంతకాలం నిలిపివేయవచ్చు.

ఇది చదివి భయపడనక్కర్లేదు. ఎవరి మాటో చెప్పి ఉటంకించిన భాగాలు, చివర ఇచ్చే గ్రంథాల పట్టిక, చట్టాలు, అందరూ వాడే సూత్రాలు ఈ లెక్కలోకి రావు. వరుసగా 14 పదాల వరకు అనుకోకుండా కలిసినా తప్పు పట్టరు. సాఫ్ట్‌వేర్ పోలికను చూపిస్తుందే తప్ప తీర్పు చెప్పదు. ఫిర్యాదు వస్తే ముందు విభాగం స్థాయి సంఘం, ఆ తర్వాత సంస్థ స్థాయి సంఘం విచారించాలి. ఒక్కోదానికి గడువు 45 రోజులు. విద్యార్థి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాల్సిందే. మీ అబ్బాయికో అమ్మాయికో అలాంటి నోటీసు వస్తే, కంగారుపడి సంతకం పెట్టించకుండా ఆ అవకాశం అడగమనండి.

డిగ్రీలో ఇచ్చే అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు నివేదికలు, జవాబు పత్రాలు ఈ నిబంధనల కిందకు రావు. వాటికి ఏ కాలేజీ నియమాలు ఆ కాలేజీవే. చేరిన మొదటి వారంలోనే అడిగి తెలుసుకోవాలి.

మన పిల్లల సంగతి కాస్త వేరు. పదో తరగతి వరకు తెలుగులో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడతారు. విషయం తెలిసినా వాక్యం కుదరదు. తప్పు రాసి నవ్వులపాలు కావడం కంటే ఎవరో రాసిన మంచి వాక్యం ఎత్తి రాయడం మేలనిపిస్తుంది. అది మోసబుద్ధి కాదు, భయం. కానీ నిబంధనల్లో భయానికి వేరే శాతాలు లేవు. ఆ భయం పోగొట్టాల్సింది బడిలోనే.

అందుకు సాధనం మన పిల్లల దగ్గరే ఉంది. హోసూరు పిల్లలకు తమిళం, బళ్లారి పిల్లలకు కన్నడం, బరంపురం పిల్లలకు ఒడియా, సోలాపూర్ పిల్లలకు మరాఠీ వచ్చు. ఆ భాషలో ఒక పేజీ చదివించి, పుస్తకం మూయించి, తెలుగులో చెప్పమనండి. ఆ తర్వాత రాయమనండి. మూసిన పుస్తకంలోంచి ఎత్తి రాయడం కుదరదు. అర్థమైనంతే వస్తుంది, అదీ సొంత మాటల్లో వస్తుంది. ఇలా అలవాటైన పిల్లలు రేపు ఇంగ్లీషులోనూ చిన్న వాక్యాలతోనైనా సొంతంగా రాయగలరు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. భాష మారినంత మాత్రాన భావం మనదైపోదు. కన్నడ పుస్తకంలోని విషయాన్ని తెలుగులో రాసినా, ఆ పుస్తకం పేరు, రచయిత పేరు కింద రాయాలి. పక్కింటి నుంచి అప్పు తెచ్చిన పంచదారను అప్పు అని ఒప్పుకోవడంలో నామోషీ ఏముంది?

మేం ఆ అయిదుగురికీ పుస్తకాలు తిరిగిచ్చేశాం. మార్కులు తగ్గించలేదు. ఊరి చెరువు దగ్గరికి వెళ్లి చూసి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఎవరేం చెప్పారో పేర్లతో సహా రాసుకురమ్మన్నాం. వారం తర్వాత వచ్చిన పుస్తకాల్లో తప్పులు చాలానే ఉన్నాయి. అయితే ఏ రెండు పుస్తకాల్లోనూ ఒకే తప్పు లేదు. ఈసారి మార్కులు వాటికే వేశాం.