ఏడు మార్కుల దయ, ఒక్క మార్కు దూరం
కలకత్తా తొలి పరీక్షల కథ

1857 మార్చి నెలలో కలకత్తా టౌన్ హాలులో జరిగిన ఒక పరీక్షకు 244 మంది విద్యార్థులు హాజరయ్యారు. అంతకు రెండు నెలల క్రితమే, జనవరి 24న, కలకత్తా విశ్వవిద్యాలయ శాసనం అమలులోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి అప్పటికి సొంత భవనం లేదు. పాఠం చెప్పే ఆచార్యుడు ఒక్కడూ లేడు. లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా తీసుకొని ఏర్పడిన ఆ సంస్థకు బోధనతో నిమిత్తం లేదు. కళాశాలలు, పాఠశాలలు చదువు చెప్పాలి; ఆ చదువును తూచి విలువ కట్టడమే దాని పని. ఒక్కమాటలో చెప్పాలంటే, ఆధునిక భారతదేశపు తొలి విశ్వవిద్యాలయం పరీక్షతోనే పుట్టింది. ఆ మొదటి ప్రవేశ పరీక్షలో 162 మంది ఉత్తీర్ణులయ్యారు.

ఆనాటి నుండి నేటి వరకు మన ఇళ్లలో ఫలితాల రోజున కనిపించే ఆత్రుతకు, ఆనందానికి, దుఃఖానికి మూలం ఎక్కడున్నదో తెలుసుకోవాలంటే పంతొమ్మిదవ శతాబ్దపు కలకత్తాను ఒకసారి పరిశీలించాలి.

చదువుకు కొలువు తోడైన వేళ

కలకత్తాకు పరీక్షలు 1857లో కొత్తగా రాలేదు. 1817లో వెలసిన హిందూ కళాశాలలో ఏటేటా పరీక్షలు జరిగేవి. నగర ప్రముఖుల సమక్షంలో బహుమతి ప్రదానం జరిగేది. విద్యాశాఖ వార్షిక నివేదికలలో ఉత్తమ విద్యార్థుల జవాబులను యథాతథంగా అచ్చువేసేవారు. పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడు ఆంగ్ల సాహిత్యంపైనో, చరిత్రపైనో వ్రాసిన సమాధానం ప్రభుత్వ గ్రంథంలో స్థానం సంపాదించుకొనేది.

అయితే ఈ పరీక్షలకు అసలైన బరువును తెచ్చిపెట్టినది 1844 అక్టోబరు 10న గవర్నర్ జనరల్ హార్డింజి చేసిన తీర్మానం. ఆంగ్ల విద్యనభ్యసించి పరీక్షలలో ప్రతిభ చూపినవారికి ప్రభుత్వోద్యోగాలలో ప్రాధాన్యం ఇవ్వాలన్నది దాని సారాంశం. అంతవరకు గౌరవ చిహ్నంగా ఉన్న ఫలితం ఆనాటి నుండి జీవనాధారానికి తొలిమెట్టు అయింది. ఇంటిల్లిపాది భవిష్యత్తు ఒక పిల్లవాని జవాబు పత్రం మీద ఆధారపడే రోజులు వచ్చాయి.

ఫలితాలను బట్టే పాఠశాలల పేరు ప్రతిష్ఠలు కూడా నిర్ణయమయ్యేవి. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు తమ మెట్రోపాలిటన్ ఇనిస్టిట్యూషన్‌లో కళాశాల తరగతులు ప్రారంభించదలచినప్పుడు, ఐరోపా ఆచార్యులు లేకుండా భారతీయ అధ్యాపకులు ఆంగ్లంలో ఆ స్థాయి చదువు చెప్పగలరా అని శంకించినవారు లేకపోలేదు. 1872లో అనుమతి లభించింది. 1874లో జరిగిన ఎఫ్.ఏ. పరీక్షలో ఆ సంస్థ విద్యార్థులు సాధించిన ఘనవిజయమే ఆ శంకకు సమాధానమైంది. వాదోపవాదాలతో తేలని విషయాన్ని ఒక ఫలితాల పట్టిక తేల్చివేసింది.

ఆరింట అయిదు

1858లో తొలి బి.ఏ. పరీక్ష జరిగింది. కూర్చున్న కొద్దిమందిలో అన్ని విషయాలలోను నెగ్గినవాడు ఒక్కడూ లేడు. బంకించంద్ర ఛటర్జీ, జదునాథ్ బోస్ అనే ఇద్దరు మాత్రం ఆరు విషయాలలో అయిదింట చక్కగా ఉత్తీర్ణులై, ఆరవదానిలో ఏడుకు మించని మార్కుల తేడాతో తప్పారు. విశ్వవిద్యాలయం ఆలోచనలో పడింది. చివరకు ప్రత్యేకమైన దయగా భావించి వారిద్దరికీ ద్వితీయ శ్రేణిలో పట్టం ఇవ్వవచ్చునని నిశ్చయించింది. రాబోయే సంవత్సరాలలో దీనిని ఎవరూ ఆనవాయితీగా చూపరాదని కూడా స్పష్టం చేసింది.

ఈ బంకించంద్రుడు సామాన్య విద్యార్థి కాదు. హుగ్లీ కళాశాలలో ఉండగా 1853లో జూనియర్ స్కాలర్‌షిప్ పరీక్షలో ప్రథముడై నెలకు 8 రూపాయల వేతనం పొందినవాడు. 1856లో సీనియర్ పరీక్షలోనూ రాణించి 20 రూపాయల వేతనం అందుకొన్నవాడు. అంతటివానికీ ఒక పత్రంలో కొన్ని మార్కులు తక్కువయ్యాయి. పట్టం పొందిన ఏడాదే ఆయన డిప్యూటీ మేజిస్ట్రేటుగా కొలువులో చేరారు. తరువాతి కాలంలో వంగ నవలకు పితామహుడై, ‘వందేమాతరం’ గీతకర్తగా దేశమంతటికీ పూజ్యుడైనారు. ఆ ఏడు మార్కులను పట్టుకొని విశ్వవిద్యాలయం పంతానికి పోయి ఉంటే సాహిత్యానికి నష్టం కలిగేదో లేదో చెప్పలేము గాని, విశ్వవిద్యాలయ చరిత్రకు మాత్రం తీరని లోటే అయ్యేది.

పట్టికకు ఎక్కని పేరు

హిందూ కళాశాలలో 1842లో ఒక వ్యాసరచన పోటీ జరిగింది. విషయం స్త్రీవిద్య. బంగారు పతకం గెలిచినవాడు మైకేల్ మధుసూదన దత్తు. స్త్రీవిద్యపై వ్రాసి బాలురు పతకాలు గెలిచిన ఆ నగరంలో, బాలికలు స్వయంగా పరీక్షకు కూర్చోవడానికి మరి మూడు దశాబ్దాలకు పైగా పట్టింది.

1876లో డెహ్రాడూన్‌కు చెందిన చంద్రముఖీ బసు అనే బాలిక కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష వ్రాస్తానని కోరారు. నిబంధనలలో బాలికల ప్రసక్తి లేదు. పరీక్ష వ్రాయనిచ్చారు, ఆమె జవాబులు ఉత్తీర్ణత స్థాయికి చేరినవనీ తేలింది. కాని ఉత్తీర్ణుల పట్టికలో ఆమె పేరు ప్రకటించలేదు. బంకించంద్రునికి మార్కులు చాలకపోయినా పట్టం దొరికింది. చంద్రముఖికి మార్కులు చాలినా పట్టికలో చోటు దొరకలేదు.

1878 ఏప్రిల్‌లో విశ్వవిద్యాలయం తన పట్టు సడలించి, బాలికలను పరీక్షలకు అనుమతిస్తూ తీర్మానించింది. ఆ ఏడాది ప్రవేశ పరీక్షలో బెథూన్ పాఠశాల విద్యార్థిని కాదంబినీ బసు ఉత్తీర్ణులయ్యారు. ఒకే ఒక్క మార్కు తక్కువై ఆమెకు ప్రథమ శ్రేణి తప్పింది. ఆమె పైచదువు కోసమే 1879లో బెథూన్ పాఠశాలలో కళాశాల తరగతి తెరిచారు. ఆ తరగతిలో విద్యార్థిని ఆమె ఒక్కరే. 1883లో చంద్రముఖి, కాదంబిని ఇద్దరూ బి.ఏ. పట్టభద్రులయ్యారు. చంద్రముఖి ఎం.ఏ. కూడా సాధించి బెథూన్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు.

కాదంబిని వైద్యవిద్య వైపు మళ్లారు. అంతకు ముందు ఏడాదే అబలా దాస్ అనే వంగ యువతి, కలకత్తాలో స్త్రీలకు వైద్యవిద్యలో ప్రవేశం లేనందున మద్రాసుకు తరలవలసి వచ్చింది. 1883లో కలకత్తా వైద్య కళాశాల తలుపులు కాదంబిని కోసం తెరుచుకొన్నాయి. తుది పరీక్షలో ఒక విషయంలో తప్పినందున ఆమెకు ఎం.బి. పట్టం రాలేదు. కళాశాల ప్రిన్సిపాల్ తన అధికార పరిధిలోని మరొక యోగ్యతా పత్రాన్ని 1886లో ఇవ్వగా వైద్యవృత్తి చేపట్టారు. అంతటితో ఆగక 1893లో సముద్రాలు దాటి వెళ్లి స్కాట్లండులో వైద్య డిప్లొమాలు సంపాదించి తిరిగివచ్చారు. 1923లో మరణించేవరకు వైద్యవృత్తిని వీడలేదు.

గీత గీసేది మనుషులే

కలకత్తా శాసనం వచ్చిన ఏడాదే, 1857 సెప్టెంబరు 5న, మద్రాసు విశ్వవిద్యాలయం కూడా ఏర్పడింది. తెలుగు బాలురు ఆ పరీక్షలకు సిద్ధమవుతున్న కాలంలోనే, 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాల స్థాపించారు. గంగాతీరంలోనూ గోదావరీ తీరంలోనూ అదే ప్రశ్న తలెత్తింది: చదువు కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలి? అది ఎవరెవరిని కొలవాలి?

కాలక్రమాన ప్రవేశ పరీక్షకు కూర్చునేవారి సంఖ్య వందల నుండి వేలకు పెరిగింది. పాఠ్యగ్రంథం కంటె ప్రశ్నోత్తరాల పుస్తకానికి గిరాకీ ఎక్కువైంది. తప్పినవారు సైతం ‘ఫెయిల్డ్ బి.ఏ.’ అని పేరు చివర వ్రాసుకొనేవారు. కంఠస్థ విద్య మితిమీరినదని విద్యావేత్తలు మొరపెట్టుకొన్నారు. 1917లో నియమితమైన శాడ్లర్ సంఘం కూడా పరీక్షల పెత్తనాన్ని తీవ్రంగా విమర్శించింది.

ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయినా పరీక్ష చేసిన మేలును మరువరాదు. భారతీయ అధ్యాపకుల సామర్థ్యాన్ని శంకించినవారికి, స్త్రీల మేధస్సును శంకించినవారికి కూడా సమాధానం చెప్పినది ఆ పరీక్షే. పరీక్ష న్యాయంగా ఉన్నంతవరకు అది బలహీనుని చేతి ఆయుధం.

ఉత్తీర్ణత గీత ఆకాశం నుండి ఊడిపడినది కాదు. మనుషులే దానిని గీశారు. ఒకసారి ఏడు మార్కుల మేర జరిపారు, మరొకసారి కదలనివ్వక ఒక బాలిక పేరును బయటనే నిలిపారు. నేటి తల్లిదండ్రులు తమ బిడ్డ మార్కుల పత్రం చేతికి తీసుకొన్నప్పుడు ఈ సంగతిని జ్ఞాపకం ఉంచుకోవడం మంచిది. ఆ అంకె ఒక దినపు పనికి విలువ కట్టగలదు. ఆ బిడ్డ ముందున్న జీవితానికి కట్టలేదు.