ముష్టియుద్ధమున తీర్పు

ఆటస్థలమున ఈల మ్రోగినతోడనే ఇరుపక్షములవారును రిఫరీని చుట్టుముట్టి వాదించుట మన విద్యార్థులకు క్రొత్త విషయము కాదు. చెడుగుడులో చేయి తగిలినదా లేదా, ఫుట్‌బాలులో బంతి గీటు దాటినదా లేదా యను వివాదము సాయంకాలమున మొదలై, భోజనశాలలో సాగి, దీపము లార్పువరకును వసతిగృహమున వినబడుచుండును. ఈ వాదములందు పోవునది ఒక్క ఆట మాత్రమే. అయితే తీర్పరి మాటపై ఒకని జీవనాధారమును, ఒక్కొక్కప్పుడు ప్రాణమును గూడ ఆధారపడియుండు క్రీడ యొకటి కలదు. అది ధనమునకై జరుగు ముష్టియుద్ధము. అందు తీర్పు ఎట్లు చెప్పబడునో, అది తరచుగా ఏల వివాదమునకు గురియగునో ఈ వ్యాసమున వివరింప దలచినారము.

పూర్వము ఇంగ్లండులో ఒట్టి పిడికిళ్లతో, ఒకడు ఇక లేవజాలడనునంతవరకు పోరాడుచుండిరి. ఓడినవాడు నేలపై నుండెను గనుక గెలుపెవరిదో కన్నులున్న ప్రతివానికిని తెలియుచుండెను. 1867వ సంవత్సరమున క్వీన్స్‌బరీ ప్రభువు పేర క్రొత్త నిబంధనలు ప్రకటింపబడినవి. వానిని రచించినవాడు జాన్ గ్రాహం ఛేంబర్సు. చేతులకు గ్లౌజులు తొడుగుకొనవలెననియు, రౌండు మూడు నిమిషములుండవలెననియు, నడుమ నొక నిమిషము విశ్రాంతి యీయవలెననియు, పడినవాడు పది సెకండ్లలో లేవవలెననియు అవి విధించినవి. రౌండ్ల సంఖ్యకు మితి ఏర్పడిన పిమ్మట, ఇద్దరును నిలిచియుండగనే పోటీ ముగియుట సామాన్యమయ్యెను. అప్పుడు గెలిచినవాడెవడు? పిడికిలి తేల్చని సంగతిని ఒక మనుష్యుని కన్ను తేల్చవలసి వచ్చెను. వివాదము పుట్టినది అచ్చటనే.

నేటి పద్ధతి యిట్లుండును. త్రాళ్లు కట్టిన బరిలో రిఫరీ యొక్కడే ఆటగాండ్రతో నుండును. నియమము తప్పినవానిని హెచ్చరించుట, పడినవానికి అంకెలు లెక్కించుట, అపాయము తోచినప్పుడు పోటీని ఆపుట ఆయన పనులు. బరి వెలుపల మూడు వైపుల ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చుండి, ఒకరితో నొకరు మాటలాడక, ప్రతి రౌండునకును అంకెలు వేయుదురు. రౌండు గెలిచినవానికి 10, ఓడినవానికి సామాన్యముగా 9, ఒకసారి క్రిందపడినచో 8 ఇత్తురు. ముగ్గురును ఒక్కనినే గెలిపించిన అది ఏకగ్రీవమైన తీర్పు. ఇద్దరొకనిని, మూడవవారు ఎదుటివానిని గెలిపించినచో అది భిన్నాభిప్రాయముల తీర్పు.

ఈ లెక్కలో నొక చిక్కు గలదు. పండ్రెండు రౌండ్ల పోటీలో ఒకడు అయిదు రౌండ్లను ఎదుటివానిని చితుకగొట్టి గెలిచెననుకొందము. ఎదుటివాడు మిగిలిన ఏడింటిని వెండ్రుకవాసి తేడాతో గెలిచెననుకొందము. ఎవడును క్రిందపడలేదు. మొత్తము కూడగా రెండవవానికి 115, మొదటివానికి 113 వచ్చును. ఎక్కువ దెబ్బలు కొట్టినవాడు ఓడిపోయెను! చూచువారు పోటీనంతటిని ఒక్కటిగా తలంతురు. న్యాయనిర్ణేత దానిని పండ్రెండు ముక్కలుగా కోసి తూచును. ప్రేక్షకులు అన్యాయమని కేకలు వేయు తీర్పులలో కొన్ని ఈ లెక్కవలననే కలుగుచుండును.

అన్నియు అట్టివి కావు. 1999వ సంవత్సరము మార్చి 13వ తేదీన న్యూయార్కు నగరమున లెనక్సు లూయిసును ఇవాండర్ హోలీఫీల్డును తలపడిరి. తగిలిన దెబ్బలను లెక్కించినవారు లూయిసువి 348, హోలీఫీల్డువి 130 అని చెప్పిరి. న్యాయనిర్ణేతలలో ఒకరు లూయిసునకును, ఒకరు హోలీఫీల్డునకును గెలుపు నిచ్చిరి; మూడవవారు సమానమనిరి. పోటీ సమమని ప్రకటింపబడెను. హోలీఫీల్డును గెలిపించిన న్యాయనిర్ణేత, తరువాతి విచారణలో, ఫొటోగ్రాఫర్లు అడ్డమగుటచే తనకు సరిగా కనబడలేదనియు, చలనచిత్రమును చూచిన పిమ్మట అయిదవ రౌండును తాను వేరుగా లెక్కింతుననియు చెప్పెను. ఆ సంవత్సరమే నవంబరులో వారు మరల తలపడగా లూయిసు ఏకగ్రీవముగా గెలిచెను. ఒకే బరిని ముగ్గురు మూడు వైపులనుండి చూచునప్పుడు, ఒకరి కగపడిన దెబ్బ మరియొకరికి వీపు మాత్రమై తోచును. ముగ్గురిని నియమించుటకు కారణ మదియే.

రిఫరీ తీర్పులలో మిక్కిలి ప్రసిద్ధమైనది 1927వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన చికాగోలో జరిగినది. లక్షకు మించిన జనము చూచుచుండగా ఏడవ రౌండులో జాక్ డెంప్సీ, జీన్ టన్నీని పడగొట్టెను. పడగొట్టినవాడు దూరముగానున్న తటస్థమైన మూలకు పోయిన పిమ్మటనే లెక్క మొదలు పెట్టవలెనని నియమము. డెంప్సీ పోక అచ్చటనే నిలిచెను. రిఫరీ డేవ్ బారీ ఆతనిని పొమ్మని చెప్పి, ఆతడు కదలిన పిమ్మటనే ఒకటినుండి లెక్కించెను. తొమ్మిది అనునప్పటికి టన్నీ లేచెను. అప్పటికి సుమారు 14 సెకండ్లు గడచియుండెను. తుదకు పది రౌండ్లు ముగిసి టన్నీయే గెలిచెను. ఆ నాలుగు సెకండ్లను గూర్చి జనులు నేటికిని వాదించుచున్నారు. అయినను, మా దృష్టిలో బారీ చేసినది నియమానుసారమే. ఆలస్యమునకు కారకుడు మూలకు పోని డెంప్సీ. అంతటి పోటీలో ఎదుటబడిన ఆటగాండ్రు తరువాతి కాలమున స్నేహితులైరని చెప్పుట మాకు సంతోషము.

ఇక రూబీ గోల్డ్‌స్టైన్ అను రిఫరీ చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది. 1947వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన జో లూయిసును జర్సీ జో వాల్కాటును తలపడిరి. వాల్కాటు ఆ మహాయోధుని రెండుసార్లు పడగొట్టెను. ఆ కాలమున న్యూయార్కులో రిఫరీకిని ఓటుండెను. ఇద్దరు న్యాయనిర్ణేతలు లూయిసునకు గెలుపునిచ్చిరి. గోల్డ్‌స్టైన్ ఒక్కడే వాల్కాటు గెలిచెననెను. ప్రేక్షకులలో చాలమంది ఆయన పక్షమే యైరి. ఆ రాత్రి నలుగురి నోట ఆయన పేరు మెప్పుతో వినబడెను.

ఆ గోల్డ్‌స్టైనే 1962వ సంవత్సరము మార్చి 24వ తేదీన ఎమిల్ గ్రిఫిత్తు, బెన్నీ పారెట్టు అను వారి పోటీకి రిఫరీ. పండ్రెండవ రౌండులో పారెట్టు మూలలో త్రాళ్లకు చేరగిలబడి చేతులెత్తలేకయుండగా గ్రిఫిత్తు దెబ్బపై దెబ్బ కొట్టెను. గోల్డ్‌స్టైన్ నడుమ బోయి ఆపెను. కాని అప్పటికే ఆలస్యమైనది. పారెట్టు మరల తెలివి రాకయే ఏప్రిల్ 3వ తేదీన మరణించెను. విచారణ జరిపినవారు రిఫరీయందు దోషము లేదనిరి. ఆపుట కాయన వెచ్చించినవి కొన్ని సెకండ్లు. అవి చాలకపోయినవి.

దీనికి ఎదురైన ఉదాహరణమొకటి. 1990వ సంవత్సరము మార్చి 17వ తేదీన లాస్ వెగాసులో మెల్డ్రిక్ టేలరు, హూలియో సీజర్ చావెజుతో పోరాడెను. ఇద్దరు న్యాయనిర్ణేతల లెక్కలో టేలరే ముందుండెను. చివరి రౌండు ముగియువరకు నిలిచిన చాలును. ఆ రౌండులో కొలది సెకండ్లు మిగిలియుండగా ఆతడు పడెను, లేచెను. రిఫరీ రిచర్డు స్టీలు, "బాగున్నావా?" అని అడిగెను. జవాబు రాలేదు. స్టీలు పోటీని ఆపివేసెను. గడియారమున మిగిలినవి రెండే సెకండ్లు. చేతికందిన విజయము పోయెనని ఆటగానివారు ఆక్రోశించిరి. ఒక మనుష్యుని ప్రాణమునకు సాటివచ్చు పోటీ లేదని స్టీలు తన తీర్పును సమర్థించుకొనెను. టేలరు ఆ రాత్రి ముఖపుటెముక విరిగి ఆసుపత్రిలో నుండెను.

ఒకరు ఆలస్యముగా ఆపిరని నిందపడెను. ఒకరు తొందరగా ఆపిరని నిందపడెను. ఇంటికూర్పున చలనచిత్రమును పదిసార్లు త్రిప్పి చూచు మనకు తీర్పు సులభము. బరిలోనున్నవానికి ఒక్క చూపే, ఒక్క క్షణమే. అయినను రెండు తప్పులును సమానములు కావు. తొందరగా ఆపబడినవాడు మరల పోరాడవచ్చును. తీర్పు చెడినవాడు లూయిసువలె మరియొక పోటీలో గెలువవచ్చును. పారెట్టున కట్టి అవకాశము లేదు. 1982వ సంవత్సరము నవంబరులో కిమ్ డుక్-కూ అను కొరియా యువకుడు పదునాలుగవ రౌండులో పడి, నాలుగుదినములకు మరణించిన పిమ్మట, ప్రపంచ బాక్సింగు కౌన్సిలు పదునైదు రౌండ్లను పండ్రెండుకు తగ్గించినదియు ఈ కారణము చేతనే.

కావున విద్యార్థులారా, రేపు ఆటస్థలమున ఈల మీ కిష్టము లేనప్పుడు మ్రోగినచో, అడుగవలసినది అడుగుడు, నియమమును తెలిసికొనుడు, పక్షపాతము కానవచ్చినచో పెద్దలకు విన్నవింపుడు. కాని ఈల ఊదినవాడు మీరు చూడని వైపునుండి చూచియుండునేమో యని ఒక్క క్షణము తలపోయుడు. ఎన్నడైనను ఆ ఈల మీచేతికే వచ్చినచో, పడినవాని ముఖమును మొదట చూడుడు. అంకెలను తరువాత చూడవచ్చును.