ఇల్లు రాసి ఇచ్చే ముందు

పుదుచ్చేరి పట్టణంలో పాత ఇంటి పత్రాల పెట్టె తెరిస్తే ఫ్రెంచి భాషలో నోటరీ రాసిన దస్తావేజు కనిపించడం వింత కాదు. ఆ ఇంటి బిడ్డ ఫ్రాన్సులో స్థిరపడి ఉండటమూ వింత కాదు. వయసు మళ్ళిన తలిదండ్రులు తాము జీవించి ఉండగానే ఆ ఇంటిని బిడ్డకు రాసి ఇవ్వదలచినప్పుడు మొదట కలిగే సందేహం ఒక్కటే: పన్ను కట్టాలా?

ఒకప్పుడు కట్టవలసి వచ్చేది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలాస్ కాల్డార్ 1956లో చేసిన సూచనలను పురస్కరించుకొని, ప్రధాని నెహ్రూ స్వయంగా సమర్పించిన 1958 బడ్జెట్టు ద్వారా గిఫ్టు టాక్సు అమలులోకి వచ్చింది. మరణానంతరం పడే ఎస్టేటు సుంకాన్ని తప్పించుకొనేందుకు ఆస్తిని ముందుగానే పంచివేసే దారిని మూయడం దాని ఆశయాలలో ఒకటి. 1985లో ఎస్టేటు సుంకం రద్దయింది. 1998 అక్టోబరు 1 నుంచి గిఫ్టు టాక్సూ తొలగిపోయింది. పరాయివారిచ్చే కానుకలపై ఇప్పుడు ఆదాయపు పన్ను పడవచ్చును గాని, తలిదండ్రులు బిడ్డకిచ్చే ఇంటిపై పడదు. స్టాంపు సుంకం, రిజిస్ట్రేషను రుసుము మాత్రం తప్పవు.

కాని భారతదేశం వదిలిన పన్నును ఫ్రాన్సు వదలలేదు. అక్కడ నివసిస్తూ, గత పదేళ్ళలో కనీసం ఆరేళ్ళు అక్కడే గడిపిన వ్యక్తికి ఏ దేశంలోని ఆస్తి దానంగా లభించినా ఫ్రెంచి పన్ను శాఖకు తెలియజేయాలి. తల్లి నుంచి లక్ష యూరోలు, తండ్రి నుంచి లక్ష యూరోలు, పదిహేనేళ్ళకొకసారి, పన్ను లేకుండా పొందవచ్చు. ఆపై విలువకు 5 నుంచి 45 శాతం వరకు పన్ను. పుదుచ్చేరిలో రిజిస్ట్రేషను పూర్తయినంత మాత్రాన పని ముగిసిందనుకొనే కుమారునికి ఈ లెక్క చేదుగానే ఉంటుంది.

అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. ఇల్లు ఇచ్చివేసిన తలిదండ్రులు రేపు ఎక్కడ ఉంటారు? దాతలు తమ జీవితకాలమంతా ఇంటిని అనుభవించే హక్కును అట్టిపెట్టుకొని దానమివ్వడానికి ఫ్రెంచి పౌరస్మృతి అనుమతిస్తుంది. మన చట్టమూ అడ్డుచెప్పదు. ఆంధ్రదేశం నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో, అటువంటి హక్కు ఉంచుకొన్నంత మాత్రాన రిజిస్టరయిన దానం చెల్లకుండా పోదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పోషణ బాధ్యత షరతుగా ఇచ్చిన ఆస్తిని, ఆ బాధ్యత నెరవేరనప్పుడు, తిరిగి పొందే మార్గాన్ని 2007 నాటి వయోవృద్ధుల చట్టం కల్పించింది. ఆ షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండటం క్షేమం.

బిడ్డను శంకించి రాసే వాక్యం కాదిది. తలిదండ్రుల కంటె ముందు బిడ్డకు ఏమైనా జరిగితే, ఆస్తి అప్పులవారి పాలయితే, వృద్ధదంపతుల తలపై కప్పు నిలిపేది ఆ ఒక్క వాక్యమే. పన్ను లెక్కను ఎవరైనా చెప్పగలరు. ఆ వాక్యాన్ని మాత్రం సంతకానికి ముందే, తలిదండ్రులే అడిగి రాయించుకోవాలి.