ఇంటి పనివారి వేతనం: చట్టం, షరీఅత్

వేతనం యజమాని దయాధర్మం కాదు, పనిచేసినవారి హక్కు. కార్ఖానా కార్మికుల విషయంలో ఈ మాటను అందరూ ఒప్పుకుంటారు. కాని సికింద్రాబాదులోని మారేడుపల్లి, తిరుమలగిరి, బోయినపల్లి వంటి చోట్ల అంట్లు తోమి, బట్టలుతికి బ్రతికే స్త్రీల దగ్గరికి వచ్చేసరికి హక్కుకూ దానానికీ మధ్య గీత చెరిగిపోతుంది. రమజాను మాసంలో జకాత్ పంచే వేళ ఈ పొరపాటు మరీ ఎక్కువ. కనుక చట్టం ఏమంటున్నదో, షరీఅత్ ఏమంటున్నదో తెలుసుకోవడం అవసరం.

మన బంధువులెందరో స్థిరపడిన అమెరికాలో, ఇంటిపనికి మనిషిని పెట్టుకున్న గృహస్థు కూడా యజమానే. 2025లో ఒక పనిమనిషికి 2,800 డాలర్లు లేక అంతకు మించి చెల్లించినవారు, ఆమె పింఛను, వైద్య నిధుల కొరకు వేతనంపై 7.65 శాతం తమ వాటాగా ప్రభుత్వానికి కట్టాలి. మరో 7.65 శాతం ఆమె వాటా. మన దేశంలో గృహస్థులపై ఇలాంటి పన్ను లేదు. ప్రావిడెంటు ఫండు 20 మంది, ఇ.ఎస్.ఐ. 10 మంది పనిచేసే సంస్థలకే సాధారణంగా వర్తిస్తాయి. 2007లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని 1948 నాటి కనీస వేతనాల చట్టపు జాబితాలో చేర్చింది. ఆ చట్టం స్థానంలో 2019 వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం అవసరమా అని పరిశీలించేందుకు కమిటీ వేయవలసిందిగా సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రాన్ని ఆదేశించింది.

చట్టం మౌనం వహించినంత మాత్రాన ముస్లిం బాధ్యత తీరిపోదు. ఫిఖ్హ్ గ్రంథాల్లోని ‘ఇజారా’ అధ్యాయం ప్రకారం పని, గడువు, వేతనం ముందుగానే తేటతెల్లం కావాలి. మద్‌యన్‌లో మూసా (అ) కొలువు కుదిరినప్పుడు ఎనిమిదేళ్ళ గడువు ముందే నిర్ణయమైనట్లు దివ్య ఖుర్ఆన్ ‘ఖసస్’ సూరాలో ఉంది. పూర్తిగా పని చేయించుకొని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన అల్లాహ్‌యే ప్రతివాదిగా నిలుస్తాడని బుఖారీలోని హదీసు హెచ్చరిస్తున్నది.

నిర్ణీత కాలానికి ఒకరి వద్ద కుదిరిన పనివారిని హనఫీ ధర్మవేత్తలు ‘అజీరె ఖాస్’ అన్నారు. ఆ వేళకు పనికి సిద్ధంగా ఉంటే, పని చెప్పకపోయినా వారికి వేతనం ముట్టాలి. కనుక ఇంటివారే తాళం వేసి పెళ్ళికి ఊరెళ్ళి, ఆ రోజులను వంటమనిషి నాగాలుగా లెక్కగట్టి జీతం కోయడం ఈ సూత్రానికి విరుద్ధం.

ఇక జకాత్ సంగతి. పనిమనిషి నిరుపేద అయితే ఆమెకు జకాత్ ఇవ్వవచ్చు. కాని దానిని జీతం కింద జమకట్టరాదు. ఔరంగజేబు కాలంలో సంకలనమైన ‘ఫతావా ఆలంగీరీ’ ఇందుకు చక్కని గీటురాయి చూపింది. పండుగలకు సేవకులకు జకాత్ ఉద్దేశంతో ఇచ్చిన సొమ్ము, అది ఇవ్వకపోయినా వారు పని చేసేవారైతేనే జకాత్‌గా చెల్లుతుంది; లేకుంటే చెల్లదు. ‘ఈదుకు ఎలాగూ ఇస్తాం కదా’ అని చెప్పి నెల జీతం తగ్గించి మాట్లాడుకున్న ఇంట్లో పనిమనిషి హక్కూ పోతుంది, యజమాని జకాతూ నెరవేరదు.

ఆమె వృద్ధాప్యానికి ఒక మార్గముంది. 2019లో మొదలైన ప్రధానమంత్రి శ్రమయోగి మాన్‌ధన్ పథకంలో 18 నుండి 40 ఏళ్ళ వయసు గల, నెలకు 15,000 రూపాయలకు మించని ఆదాయం గల ఇంటి పనివారు చేరవచ్చు. చేరిన వయసును బట్టి నెలకు 55 నుండి 200 రూపాయల చందా. కేంద్రమూ అంతే జమచేస్తుంది. 60 ఏళ్ళు నిండాక నెలకు 3,000 రూపాయల పింఛను. ఆ చందాను ఇతరులు కట్టే వీలు కూడా 2022లో కల్పించారు. అయితే యజమాని కట్టే ఆ సొమ్ము జీతానికి అదనంగా ఉండాలి గాని, జీతంలో కోత కారాదు.

జీతం ఎంత, సెలవులు ఎన్ని, ఏ తేదీన చెల్లింపు అన్నది పనిలో చేరిన నాడే మాట్లాడుకొని కాగితంపై పెట్టడం ఉత్తమం. ముందు అప్పు తీర్చి, ఆ పైన దానం చేయాలి. పనిమనిషి జీతం కూడా అప్పే.